షష్ఠి చంద్రుడు

"ఆ చీకట్లో మెరుస్తున్నది నక్షత్రమా?" అంది అమ్మ, టెలిస్కోప్ ఐపీస్ దగ్గర్నుంచి కన్ను తీయకుండానే.

అది కొండ అమ్మా! చంద్రుడి మీద థియోఫిలస్ అనే బిలం నడిమధ్య ఉన్న శిఖరం. దాదాపు వంద కిలోమీటర్ల వెడల్పున్న ఆ గుంట అడుగంతా ఇంకా చిమ్మచీకటి, శిఖరం కొసకి మాత్రం ఎండ తగిలింది. అక్కడ అప్పుడే తెల్లవారుతోంది. 1609లో గెలీలియో ఇలాంటి వెలుగు చుక్కల్ని చూసే చంద్రుడి మీద పర్వతాలున్నాయని తేల్చాడు.

పక్కనే సిరిలస్ అనే ఇంకో బిలం. థియోఫిలస్ అంచు దాని గోడని చీల్చుకుని లోపలికొచ్చేసింది. ఏది ముందు పుట్టిందో, ఏది తర్వాతో ఆ ఒక్కచోట చూస్తే చాలు, తెలిసిపోతుంది.

టెలిస్కోప్ కాస్త ఉత్తరానికి జరిపితే సెరెనిటాటిస్ మైదానంలో పాములా మెలికలు తిరిగిన గట్టు. లావా గడ్డకట్టి కుంగినప్పుడు పడ్డ ముడత. ఎత్తు కొన్ని వందల మీటర్లే కాబట్టి ఏటవాలు ఎండ పడినప్పుడే బయటపడుతుంది. పౌర్ణమికి నీడలుండవు, ఇదీ కనిపించదు. నాకైతే నిండు చంద్రుడి కంటే ఈ షష్ఠి, సప్తమి చంద్రుడే ఎక్కువ ఇష్టం.

ఎల్లుండి అష్టమికి చంద్రుడి మీది అపెనైన్ పర్వతాల మీదికి ఎండొస్తుంది. దగ్గర్లో ఉన్నవాళ్లు చీకటి పడగానే మా డాబా మీదకి వచ్చేయండి.