సార్డిస్‌లో క్రాపీ వేట: లెక్కంతా మలుపులోనే

టెనెస్సీలోని మెంఫిస్ నుంచి ఐ-55 హైవే మీద దక్షిణానికి మిసిసిపీ రాష్ట్రంలోకి వస్తుంటే ఆర్కబట్ల, సార్డిస్, ఈనిడ్, గ్రెనేడా ఒకదాని తర్వాత ఒకటి తగులుతాయి. నాలుగూ వరదలు ఆపడానికి కట్టిన జలాశయాలే, క్రాపీ అనే మంచినీటి చేపకి పేరుపడ్డవే. 1957లో ఈనిడ్‌లో పడిన 5 పౌండ్ల 3 ఔన్సుల తెల్ల క్రాపీ ప్రపంచ రికార్డు. అందుకే ఈ దారంతా ట్రైలర్ల మీద పడవలే. పొరుగు రాష్ట్రం వాళ్ళకి లైసెన్సు రుసుము ఎక్కువ, దానికి తోడు వారాంతపు గదుల అద్దె. ముందే బుక్ చేసుకోకపోతే జేబుకి చిల్లే.

జులైలో క్రాపీ ఏం పడుతుందని చాలామంది పెదవి విరుస్తారు. వసంతంలో ఒడ్డు పక్కన మిన్నోలు (ఎరగా వాడే చిట్టి చేపలు) గుచ్చి పట్టేవాళ్ళ మాట అది. ఎండలు ముదిరాక క్రాపీ ఒడ్డు వదిలి, తనకి మేతైన షాడ్ చేపపిల్లల వెంట నడినీటికి పోతుంది. మరీ అడుక్కి పోదామంటే అక్కడ ప్రాణవాయువు చాలదు. మేం వెళ్ళిన పొద్దున సార్డిస్‌లో 20 అడుగుల నీళ్ళలో చేపలు 10, 12 అడుగుల దగ్గర కనిపించాయి. అలా చెదిరి తిరిగే చేప కోసం ఒకచోట కూర్చుంటే లాభం లేదు. క్రాంక్‌బెయిట్లు, అంటే లాగితే వణుకుతూ లోతుకి దిగే చేప ఆకారపు కృత్రిమ ఎరలు, పడవ వెనక లాగుతూ మనమే దాన్ని వెతుక్కుంటూ పోవాలి.

గైడ్ పడవలో అటు నాలుగు, ఇటు నాలుగు రాడ్లు. పడవ ముక్కు దగ్గర 16 అడుగులది, దాని వెనక 14, తర్వాత 12, చివర 8. పొడవులు వేరు కాబట్టి ఏ ఎర దారి దానిదే, దారాలు కలవవు. అన్నిటికీ 10 పౌండ్ల బరువు తట్టే మోనో (ఒంటిపోగు నైలాన్) దారం, ఎంత దారం వదిలామో మీటర్‌లో చూపే లైన్ కౌంటర్ రీళ్ళు. కౌంటర్ కొలిచేది దారం పొడవు కాదు, స్పూల్ (దారం చుట్టిన కండె) తిరిగిన చుట్లు. స్పూల్ సగం ఖాళీగా ఉంటే మీటర్ 100 అడుగులు చూపించినా అంత దారం పోదు, ఎర అంత లోతుకి దిగదు. అందుకే అన్ని రీళ్ళలో ఒకే దారం, ఒకే మట్టానికి నిండుగా ఉండాలి. అప్పుడే మీటర్ 90 అడుగులు చూపే రాడ్‌కి చేప తగిలితే మిగతావీ 90కి మార్చడంలో అర్థం ఉంటుంది.

ఎరలు బ్యాండిట్ 300 రకం క్రాంక్‌బెయిట్లు. ఇవి పుట్టింది కూడా సార్డిస్ ఊళ్ళోనే. రెండంగుళాల ఎర, 8 నుంచి 12 అడుగుల లోతుకి దిగుతుంది. క్రాపీ తల పైకెత్తి మేస్తుంది. కాబట్టి ఎర దాని కంటే అడుగు రెండడుగులు పైన పోయినా ఫరవాలేదు, కింద నుంచి పోతే మాత్రం చూడదు.

మెంఫిస్‌లో ఉండే మా బావగారు అందరూ అడిగేదే అడిగారు, ఏ రంగు పడుతుందని. ముందు వేగం తేలనివ్వమన్నాడు గైడ్. రోజంతటిలో నాకు బాగా నచ్చిన మాట అది.

గంటకి 1.5 మైళ్ళతో మొదలుపెట్టాం. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత పడవను పెద్ద చాపంలా కుడికి తిప్పాడు. మలుపులో లోపలి వైపు ఎరలు నెమ్మదిస్తాయి, బయటి వైపువి వేగం అందుకుంటాయి. ఎడమ పక్క రాడ్లు రెండు ఒకేసారి వంగాయి. అంటే చేప ఇంకా వేగం కోరుతోంది. తిన్నగా అయ్యాక 1.8కి పెంచాడు, రెండు వైపులా పడడం మొదలైంది. అదే లోపలి వైపు పడి ఉంటే తగ్గించేవాడు. మలుపు మాత్రం వెడల్పుగా ఉండాలి. గట్టిగా తిప్పితే దారాలు జడల్లా పెనవేసుకుంటాయి, మూడుకొక్కేల గాలాలు విడదీయడానికి అరగంట పోతుంది. వెనక నుంచి గాలి తోస్తుంటే పడవ ఉండుండి ముందుకు ఉరుకుతుంది, నీటి గొడుగు (పడవని వెనక్కి పట్టి ఉంచేలా నీళ్ళలో వేసే గుడ్డ సంచి) వేసి ఆపాలి.

రాడ్ చివర ఆగకుండా సన్నగా వణుకుతుండాలి. వణుకు ఆగిందంటే ఎరకి ఆకో పుల్లో తగులుకున్నట్టు, వెంటనే చుట్టి తీసేయాలి. ఎర ఒక పక్కకే లాగుతుంటే ముక్కు దగ్గరి కన్నాన్ని శ్రావణంతో ఎదురు వైపుకి వెంట్రుకవాసి వంచాలి. మొద్దుకి చిక్కుకుంటే గుంజకూడదు. పడవ వెనక్కి తెచ్చి దారం వదులు చేస్తే, తేలే ఎర కాబట్టి చాలాసార్లు తనంతట తనే ఊడి వస్తుంది. ఒక్కోటి ఆరేడు డాలర్లు, తెంపుకుంటూ పోతే గిట్టదు.

చేప తగిలినా రాడ్‌ని ఎగరేయొద్దు. క్రాపీ పెదవి కాగితమంత పల్చన, చిరిగిపోతుంది. నడిచే పడవే గాలం దిగేస్తుంది. డ్రాగ్ (రీలు బ్రేకు) వదులుగా ఉంచి, రాడ్ పైకెత్తి, చేపను నీటి పైనే జారుస్తూ మిగతా దారాల మీదుగా తేవాలి. పడవ ఆపితే దారాలన్నీ సడలి ఒక్కటవుతాయి. పొడుగు కాడ వల లేకుండా పైకి లాగితే సగం చేపలు పడవ అంచు దగ్గరే జారిపోతాయి.

పదిన్నరకల్లా ఎండ భరించలేక వచ్చేశాం. మర్నాడు ఈనిడ్‌లో గాలి విపరీతం. అలలకి పొడుగు రాడ్లు ఊగుతుంటే ఎరలు ఎగిరెగిరి పడ్డాయి, వేగం ఎంత సరిచేసినా నిలవలేదు.

పట్టిన చేపను అప్పటికప్పుడే ఐసులో వేయాలి, ఆ వేడికి బకెట్ నీళ్ళలో ఉంచితే కండ మెత్తబడుతుంది. ఇక్కడివాళ్ళు తోలు తీసి ఫిల్లేలు (ముల్లు లేని కండ ముక్కలు) చేస్తారు. మా బావగారింట్లో పొలుసు గీకి, గాట్లు పెట్టి, ఉప్పు, పసుపు, కారం, అల్లం వెల్లుల్లి, నిమ్మరసం పట్టించి వేయించారు. రాగండిలో లాగా కండలో సన్న ముళ్ళు ఉండవు కాబట్టి పిల్లలకి ధైర్యంగా పెట్టొచ్చు. పులుసుకి మాత్రం దీన్ని వాడొద్దు, రెండు పొంగులకే కండ విడిపోతుంది.