నాన్న తుపాకీ, నేను పెట్టని సంతకం

నాన్న పన్నెండో రోజు భోజనాలయ్యాక పెదనాన్న అడిగారు, "అమ్మా, ఆ తుపాకీ సంగతేం చేశారు?" అని. బీరువా వెనక గోడకు ఆనించి ఉన్న ఆ డబుల్ బారెల్ అప్పటిదాకా ఎవరికీ గుర్తే రాలేదు.

నాన్న మిలిటరీ నుంచి వచ్చాక అల్వాల్‌లో ఇల్లు కట్టుకుని, ఒక బ్యాంకులో గార్డుగా చేశారు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా స్టేషన్‌లో డిపాజిట్ చేసి, రసీదు తెచ్చి ఫైల్లో పెట్టేవారు. ఆ ఫైల్ ఉండబట్టే మాకు పని సులువైంది.

లైసెన్సు ఆ మనిషితోనే పోతుంది. తర్వాత ఆయుధం ఇంట్లో ఉంచుకోకూడదు, ఆలస్యం చేయకుండా స్టేషన్‌లో గానీ లైసెన్సున్న డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేయాలి. డెత్ సర్టిఫికెట్, లైసెన్సు పుస్తకం పట్టుకుని నేనూ అన్నయ్యా స్టేషన్‌కు వెళ్లాం. కానిస్టేబుల్ ఫోన్ టార్చి వేసి గొట్టం మీది నంబరు ఒక్కో అంకే చదువుతుంటే నేను పుస్తకంలో సరిచూశాను. హార్లిక్స్ సీసాలో పదకొండు తూటాలున్నాయి. ఒకటి చెమ్మకు ఉబ్బిపోయింది. దాన్ని ఆయన విడిగా పక్కన పెట్టారు.

అసలు టెన్షన్ తర్వాత మొదలైంది. వారసుల్లో ఒకరు ఆ తుపాకీకి తమ పేరున లైసెన్సు అడగవచ్చు. మిగతా వారసులు అభ్యంతరం లేదని రాసివ్వాలి. అన్నయ్య తనకు కావాలన్నాడు. అమ్మ సంతకం పెట్టేసింది. నాదొక్కటే మిగిలింది.

దరఖాస్తులో ఒక గడి ఉంటుంది: మీకు ఎప్పుడైనా శిక్ష పడిందా?

పడింది. వాట్సాప్‌లో వచ్చిన ఒక పుకారు నమ్మి, అన్నయ్య, అతని స్నేహితులు మా వీధి చివర టైలర్ షాపు మీద పడ్డారు. మాస్టర్ చేసిన తప్పేమీ లేదు, ఆయన మతం తప్ప వాళ్లకు ఇంకో కారణం లేదు. బ్యాట్‌తో కొడితే కుడి చెయ్యి విరిగింది. ఇప్పటికీ సూదిలో దారం ఆయన కొడుకే ఎక్కిస్తాడు.

పోలీసులు మొదట అప్పటి ఐపీసీ (భారత శిక్షాస్మృతి) 153ఎ సెక్షన్ కూడా పెట్టారు. మతాల మధ్య ద్వేషం రగిలించడం అది. కానీ కోర్టు ఆ సెక్షన్ విచారణకు తీసుకోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. అది రాలేదు. తీవ్ర గాయం కింద ఏడాది శిక్ష పడింది. తీర్పులో విరిగిన చెయ్యి ఉంది, అది ఎందుకు విరిగిందో లేదు.

1959 ఆయుధాల చట్టం 9వ సెక్షన్ ప్రకారం, హింసతో కూడిన నేరానికి జైలు శిక్ష పడినవాళ్లకు శిక్ష ముగిశాక ఐదేళ్ల దాకా తుపాకీ నిషేధం. అన్నయ్య 2018లో బయటికొచ్చాడు, 2023తో ఆ గడువు అయిపోయింది. "చట్టమే వద్దనట్లేదు, నీకేంటే?" అన్నాడు.

నాకు 2017 ఫిబ్రవరి గుర్తొచ్చింది. కాన్సస్ రాష్ట్రం ఒలేథాలో మన హైదరాబాద్ ఇంజనీరు శ్రీనివాస్ కూచిభొట్లను, 'నా దేశం నుంచి పో' అని అరుస్తూ ఒకడు కాల్చి చంపాడు. బెయిల్ మీద ఇంట్లో ఉన్న అన్నయ్య టీవీ ముందు కూర్చుని ఏడ్చాడు. "ఇలాంటోళ్ల చేతికి తుపాకీ ఎట్లా ఇస్తారే?" అన్నది కూడా అతనే. అదే ఏడాది కాలిఫోర్నియా ఒక చట్టం చేసింది. ద్వేషంతో చేసిన నేరం చిన్న కేసుగానే తేలినా, పదేళ్లపాటు తుపాకీ ఉండకూడదని. మన ఆయుధాల చట్టంలో ద్వేషాన్ని అలా విడిగా లెక్కపెట్టే నియమం లేదు, ఇలాంటి కేసులో హింస ఉందా, జైలు శిక్ష పడిందా అన్నదే చూస్తారు. ఈ చట్టం మారాలి. నేరం ఎందుకు జరిగిందో తీర్పులో రాయాలి. క్యాలెండర్‌లో ఐదేళ్లు తిరిగాయని ద్వేషం పోయిందనుకోకూడదు. అన్నయ్య ఈరోజుకీ మాస్టర్ గడప తొక్కి క్షమించమని అడగలేదు.

నేను సంతకం పెట్టలేదు. అభ్యంతరం ఉందని, ఎందుకో కూడా ఒక పేజీ రాసి ఇచ్చాను. లైసెన్సు ఇచ్చే అధికారికి 14వ సెక్షన్ కింద, ప్రజల భద్రత దృష్ట్యా కాదనే అధికారం ఉంది. అది కూడా రాశాను. విచారణకు వచ్చిన ఎస్సై "సొంత అన్న మీద రాస్తున్నారు, ఆలోచించుకున్నారా?" అని రెండుసార్లు అడిగారు. ఆలోచించుకునే రాశానని చెప్పాను.

నాలుగు నెలలకు దరఖాస్తు తిరస్కరించారు. అమ్మ ఒప్పుకుంది, అనుమతి తీసుకుని డీలర్‌కు అమ్మేశాం. డబ్బు ఆమె ఖాతాలోనే వేశాం. తుపాకీకి నాన్న కుట్టించిన ఖాకీ గుడ్డ సంచిని మాత్రం డీలర్ మడిచి అమ్మకు ఇచ్చాడు. నూనె వాసన ఇంకా పోలేదు. ఆ సంచి కుట్టింది మాస్టరే.

రాఖీ పండక్కి అన్నయ్య ఇంటికి వెళ్తే వదిన తలుపు తీసింది. అతను గదిలోంచి బయటికి రాలేదు. రాఖీ వదిన చేతిలో పెట్టి వచ్చాను.