తెల్ల బోబా ఫెట్: ముందు బొమ్మకి, తర్వాత నాకు

బోబా ఫెట్ అంటే స్టార్ వార్స్ సినిమాల్లో డబ్బు కోసం మనుషుల్ని వేటాడేవాడు. ఆ పేరు అనగానే అభిమానులకి మాసిన ఆకుపచ్చ కవచం గుర్తొస్తుంది. నా మనసు మాత్రం మొదటి నుంచీ తెల్ల కవచం బోబా మీదే. 1978లో రాల్ఫ్ మెక్వారీ, జో జాన్‌స్టన్ ఈ పాత్రకి రూపం ఇచ్చినప్పుడు కవచం మొత్తం తెల్లగా ఉండేది. ఆ ఏడాది జూన్ 28న కెమెరా ముందు దాన్ని పరీక్షించి చూసుకున్నారు. అసిస్టెంట్ ఎడిటర్ డువేన్ డన్‌హమ్ డ్రెస్ వేసుకుని నిలబడితే, సౌండ్ డిజైనర్ బెన్ బర్ట్ ఏ పనిముట్టు దేనికో చెప్పుకుంటూ పోయాడు. ఆ రోజు భుజం మీద వేలాడిన కేప్ ఏమిటో తెలుసా? బీచ్‌లో వాడే తువ్వాలు! ఈ సంగతి చదివాక నాకు ధైర్యం వచ్చింది. వాళ్ళకే తువ్వాలు సరిపోతే, హైదరాబాద్ ఉప్పల్లో రెండు గదుల ఇంట్లో ఆ డ్రెస్ నేనెందుకు చెయ్యలేను?

ముందు బొమ్మతో మొదలుపెట్టాను. బొమ్మల కంపెనీ హాస్‌బ్రో ఆరంగుళాల సైజులో తెల్ల బోబా ఫెట్‌ని 2014లో తెచ్చింది గానీ, దాన్ని అమెరికాలో వాల్‌గ్రీన్స్ షాపుల్లోనే అమ్మారు. చేతులు మారి మన దాకా వచ్చేసరికి నా జీతానికి అందనంత ధర. అందుకని పెట్టె లేని, యాంటెన్నా విరిగిన మామూలు ఆకుపచ్చ బొమ్మని సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. కస్టమైజ్ చేసేవాళ్ళకి ఇలాంటివే మేలు. పెట్టె తియ్యని బొమ్మ మీద ఇసుక కాగితం పెట్టాలంటే ఎవరికైనా చెయ్యి వణుకుతుంది.

బొమ్మని ఊడదీయడానికి బలం అక్కర్లేదు, వేడి చాలు. బాగా కాగిన నీళ్ళలో కాసేపు ముంచితే పీవీసీ మెత్తబడి, చేతులూ తలా కీళ్ళ దగ్గర నుంచి మెల్లగా బయటికొస్తాయి. చల్లగా ఉన్నప్పుడు తిప్పి లాగితే లోపలి పిన్ను విరుగుతుంది. నీళ్ళు మా అమ్మ టీ గిన్నెలోనే కాచాను. ఆ గిన్నె మళ్ళీ వంటింట్లోకి రానివ్వలేదు, అది వేరే కథ.

రంగు పులమడం కంటే రంగు నిలబెట్టడం కష్టం. మోకాలు వంచినప్పుడు ఒక ముక్క ఇంకో ముక్కకి రాసుకునే చోట ఎంత మంచి పెయింట్ అయినా ఊడిపోతుంది. అందుకే రంగుకి ముందే అలాంటి ప్రతి చోటా ఇసుక కాగితంతో సన్నగా అరగదీయాలి. పూత మందం ఎంతో అంత ఖాళీ మిగలాలి. ఇంకో చిక్కు పీవీసీతోనే. దాన్ని మెత్తగా ఉంచడానికి కలిపే రసాయనం కొన్ని స్ప్రే పెయింట్లని ఎన్నాళ్ళయినా ఆరనివ్వదు, వేలు పెడితే జిగురుజిగురుగా తగులుతుంది. నేను నీళ్ళలో కలిసే అక్రిలిక్ రంగులే వాడాను. ముదురు ఆకుపచ్చ మీద తెలుపు నేరుగా వేస్తే కింది రంగు తొంగి చూస్తుంది కాబట్టి, ముందు లేత బూడిద రంగు, దాని మీద పల్చగా తెలుపు, ఆరాక మళ్ళీ తెలుపు. విరిగిన యాంటెన్నాకి సన్న తీగ పెట్టి, చుట్టూ ఎమ్‌సీల్ అద్ది, తడి వేలితో నున్నగా చేశాను. మన హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే ఎమ్‌సీల్‌తో బొమ్మల పని సగం గడిచిపోతుంది. విదేశీ ఎపాక్సీ పుట్టీలు ఇంకా నున్నగా వస్తాయి నిజమే, కానీ ఆ ఖరీదు నాకు నచ్చదు.

పైన కొట్టే మ్యాట్ వార్నిష్‌కి మాత్రం వాన లేని రోజు కోసం కాచుక్కూచోవాలి. గాలిలో తేమ ఉంటే అది పొగమంచు పట్టినట్టు తెల్లగా మారిపోతుంది. తెల్ల బొమ్మే కదా, కనిపించదులే అనుకోకండి. హెల్మెట్ ముందుండే నల్లటి అద్దం, అదే వైజర్, దాని మీద బ్రహ్మాండంగా కనిపిస్తుంది.

బోబా ఫెట్ బొమ్మ గురించి ఒక్క మాట చెప్పకపోతే నాకు తోచదు. 1979లో కెన్నర్ కంపెనీ దీన్ని పోస్టులో తెప్పించుకునే బొమ్మగా ఇచ్చింది. వీపు మీద నుంచి రాకెట్ ఎగురుతుందని ముందు ప్రకటించారు. పిల్లల గొంతులో ఇరుక్కునే ప్రమాదం ఉందని చివరికి రాకెట్‌ని కదలకుండా చేసి పంపారు. నా బొమ్మలో కూడా జెట్‌ప్యాక్ (వీపుకి తగిలించుకుని ఎగిరే యంత్రం) రాకెట్‌ని అంటించేశాను. చరిత్ర మీద గౌరవం అని చెప్పుకుంటాను గానీ, మా అక్క కొడుక్కి మూడేళ్ళు.

బొమ్మ అయ్యాక దాన్ని టేబుల్ మీద కూర్చోబెట్టి, వంచి, చెయ్యెత్తించి చాలాసేపు చూశాను. ఏ పలక ఎక్కడ అడ్డొస్తోంది, ఎక్కడ ఒంట్లోకి గుచ్చుకుంటోంది అని. నా డ్రెస్‌కి అసలు ప్లాన్ అక్కడే దొరికింది. కాస్‌ప్లే, అంటే సినిమా, కామిక్స్ పాత్రల వేషాలు, వేసేవాళ్ళు చాలామంది అద్దం ముందు నిలబడి కొలతలు సరిచూసుకుంటారు. నిలబడితే ఏ కవచమైనా బాగానే ఉంటుంది. కూర్చోవాలి, ఆటో ఎక్కాలి, మంచినీళ్ళు తాగాలి, బాత్రూమ్‌కి వెళ్ళాలి. ఏ ముక్క కత్తిరించే ముందైనా ఈ నాలుగూ అడుగుతూ వచ్చాను.

కవచానికి వాడేది ఈవీఏ ఫోమ్. దాని కోసం రాణిగంజ్ వెళ్ళాను. షాపాయన దగ్గర కాస్‌ప్లే అన్న మాట ఎత్తకుండా చెప్పుల అడుగుకి వేసే షీటు కావాలి అంటే వెంటనే తీసి పరిచాడు. ఛాతీకి, వీపుకి 10 మిల్లీమీటర్ల మందం. ముంజేతులకి, హెల్మెట్‌కి 5. సన్న అంచులకి 2. "ఎన్ని జతలు కుడతారమ్మా?" అని అడిగాడు. "ఒక్కటే అన్నా, కాస్త పెద్ద సైజు" అన్నాను.

ఒంటి కొలతకి నేర్చుకున్న పద్ధతి ఇది. పాత టీ షర్టు మీద వంటింటి ప్లాస్టిక్ ర్యాప్ చుట్టి, దాని మీద మాస్కింగ్ టేపు వేసి, స్కెచ్ పెన్నుతో పలకల గీతలు ఒంటి మీదే గీయించుకోవాలి. తర్వాత వీపు వైపు నుంచి జాగ్రత్తగా కత్తిరించి తీస్తే, మన ఒంటి ఒంపులున్న నమూనా చేతికొస్తుంది. మా తమ్ముడు గీశాడు. గీస్తున్నంతసేపూ నవ్వాడు.

ఫోమ్ కొయ్యడానికి కట్టర్ బ్లేడ్ కొత్తగా ఉండాలి. మొద్దుబారితే అంచు పీచులు పీచులుగా వస్తుంది, కాబట్టి మాటిమాటికీ కొస విరిచెయ్యాలి. హీట్ గన్‌తో వేడి చేస్తే పైన ఉన్న సూక్ష్మ రంధ్రాలు మూసుకుని, వంచిన ఆకారంలో అలాగే చల్లారుతుంది. హెల్మెట్ పై భాగం గుండ్రంగా రావడానికి స్టీలు గిన్నె బోర్లించి దాని మీద అదిమాను. ఇది అమ్మ అడక్కుండానే ఇచ్చేసిన గిన్నె. టీ గిన్నె గతి చూసింది కదా.

అతికించడానికి ఫెవికాల్ ఎస్ఆర్ రకం, అంటే రబ్బరు జిగురు. రెండు అంచులకీ రాసి, వేలికి అంటనంత ఆరాక కలపాలి. కలిసిందంటే ఇక జరగదు. దాని వాసన గురించి హెచ్చరించకుండా ఉండలేను. అందులో ఉండే ద్రావకాలు తల తిరిగేలా చేస్తాయి, ఊపిరికి మంచివి కావు. బాల్కనీలో కూర్చుని, పెయింటర్లు వాడే కార్ట్‌రిడ్జ్ మాస్కు పెట్టుకునే చేశాను. గుడ్డ మాస్కు దుమ్ముకి సరిపోతుందేమో గానీ ఈ ఆవిరిని ఆపదు. "ఆ వాసనకి పాలు విరుగుతాయే" అని అమ్మ తలుపు వేసేసుకునేది. రంగు ముందు మామూలు తెల్ల ఫెవికాల్‌లో కాసిని నీళ్ళు కలిపి పూతలు వేశాను. లేకపోతే ఫోమ్ పెయింట్‌ని పీల్చుకుంటూనే ఉంటుంది.

లోపలి ఓవరాల్ డ్రెస్ నాకు కుట్టడం రాదు. మా వీధిలో బ్లౌజులు కుట్టే మాస్టర్ గారి దగ్గరికి బొమ్మనే తీసుకెళ్ళాను. అటూ ఇటూ తిప్పి చూసి, "పెట్రోల్ బంకు యూనిఫారమా మేడమ్?" అన్నారు. కాదని తెలిశాక అసలు పనిలోకి దిగారు. మెడ నుంచి కాళ్ళ దాకా ఒకే ముక్కైతే రోజంతా ఎలా ఉంటారని నా ప్రశ్ననే నన్నడిగి, నడుం దగ్గర రెండుగా కోసి, బెల్టు కింద కనిపించకుండా టిచ్ బటన్లు పెట్టారు. చెయ్యెత్తితే పైకి లాగెయ్యకుండా చంక కింద పలకలా అదనపు ముక్క వేశారు. నా లెక్కలో ఈ డ్రెస్ మొత్తంలో తెలివైన పని ఆ రెండే, రెండూ ఆయనవే.

ఈ సరదా మొదలైంది కూడా కుట్టు వచ్చినవాళ్ళతోనే. 1939లో న్యూయార్క్‌లో జరిగిన మొదటి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సభకి ఫారెస్ట్ అకర్‌మన్, మర్టిల్ డగ్లస్ భవిష్యత్తు మనుషుల వేషాల్లో వచ్చారు. ఆ డ్రెస్సులు రెండూ కుట్టింది డగ్లస్. పేరు మాత్రం చాలాకాలం అకర్‌మన్‌కే ఎక్కువ దక్కింది. మా మాస్టర్ గారి పేరు నేను చెప్పని చోటు లేదు. ఇక్కడ మాత్రం, రాయొద్దన్నారు కాబట్టి, ఆపాను.

హెల్మెట్ లోపల మనిషి బతకాలి. వైజర్‌కి బైక్ హెల్మెట్ల షాపులో పొగరంగు వైజర్ కొని ఇంగ్లిష్ 'T' అక్షరం ఆకారంలో కోశాను. ఊపిరి తగిలి అద్దం మసకబారకుండా కోఠి గుజరాతీ గల్లీలో చిన్న 5 వోల్టుల ఫ్యాన్లు రెండు తెచ్చాను. గడ్డం దగ్గరది గాలి లోపలికి లాగుతుంది, వెనకది బయటికి తోస్తుంది. పవర్ బ్యాంక్ బెల్టు సంచిలో. ఫ్యాన్ల హోరులో బయటి మాటలు సగమే వినిపిస్తాయి, కిందికి చూస్తే మెట్లు కనిపించవు. అందుకే పక్కన తోడు మనిషి తప్పనిసరి. తమ్ముడికి బిర్యానీ ఒప్పందం.

కేప్ గురించి ఆలోచించనే లేదు. సోలాపూర్ టర్కీ టవల్. ఉతికితే చాలు.

కామిక్స్, సినిమా అభిమానులు వేషాలేసుకుని కలిసే కామిక్ కాన్ రోజు ఉప్పల్ నుంచి హైటెక్ సిటీకి మెట్రో ఒకటే లైను. పెద్ద సంచిని స్కానర్‌లో పెడితే తెరమీద హెల్మెట్, ఫ్యాన్ల తీగలు, పవర్ బ్యాంక్ కలిసి ఎలా కనిపిస్తాయో అని టెన్షన్ పడ్డాను. అక్కడి అమ్మాయి సంచి తెరిపించి, హెల్మెట్ చేత్తో ఎత్తి చూసి, "ఇంత తేలిగ్గా ఉందేంటి?" అంది. తర్వాత ఆటోలో కామిక్ కాన్ జరిగే హైటెక్స్ ఎగ్జిబిషన్ సెంటర్‌కి. డ్రెస్ అక్కడికి చేరాకే వేసుకున్నాను. తుపాకీ కూడా ఫోమ్‌దే కాబట్టి తనిఖీలో నొక్కి చూసి పంపించారు.

అక్కడ చాలామంది నన్ను స్టార్మ్‌ట్రూపర్ (ఆ సినిమాల్లోనే తెల్ల కవచం వేసుకునే సైనికుడు) అనుకున్నారు. మొదట్లో ఆగి ఆగి వివరించాను, మధ్యాహ్నానికి తలూపడం నేర్చుకున్నాను. ఒకాయన మాత్రం నేరుగా వచ్చి, "టవల్ ఒరిజినలా?" అని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నతో గంటసేపు కబుర్లు. మధ్యలో నేలమీద కూర్చుని పులిహోర తిన్నాను. తొడ పలకలు ఎక్కడా గుచ్చుకోలేదు.

ఇంటికొచ్చాక లోపలి డ్రెస్ ఉతికి, ఫోమ్ ముక్కల్ని తడి గుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టాను. ఎండలో గానీ, ఎండలో ఆపిన కార్లో గానీ ఉంచితే ఒంపులు సాగిపోతాయి. మోకాలి పలక మీద సన్న పగుళ్ళొచ్చాయి, అక్కడ కొత్త పూత వెయ్యాలి. ఇప్పుడు జెట్‌ప్యాక్ పని నడుస్తోంది. నాకున్నది తమ్ముడి బైకే. వెనక సీట్లో కూర్చున్నప్పుడు జెట్‌ప్యాక్ కొస సీటు వెనకున్న గ్రాబ్ రెయిల్‌కి తగలకూడదు. ఈ ఆదివారం బండి స్టాండ్ వేసి ఆ కొలతే తియ్యాలి.