ఫాదర్ గారిని పిలవడానికి మూడు రోజులు ఆలస్యం చేశాను

2019 ఆగస్టు. అమ్మ కాలేయం పూర్తిగా పాడైంది, ఇక ఇంటికి తీసుకెళ్ళండి అన్నారు డాక్టర్లు. గుంటూరు దగ్గర మా ఊరికి తెచ్చేశాం. "ఫాదర్ గారికి కబురు పెట్టావా?" అని ఆ రోజే పెద్దమ్మ అడిగింది. పెట్టలేదు. మూడు రోజులు ఏదో ఒక సాకు చెబుతూ వచ్చాను.

కారణం ఆ పేరే, అవస్థ అభ్యంగనం. చావుబతుకుల్లో ఉన్నవాళ్ళకి ఫాదర్ గారు వచ్చి ప్రార్థన చేసి తైలం రాసే సంస్కారం అది. మా ఇళ్ళల్లో ఆ మాట వినిపించిందంటే ఇక పెట్టె చేయించుకోవడమే. ఫాదర్ గారు గుమ్మంలో కనిపిస్తే అమ్మ బెదిరిపోతుందని నా టెన్షన్.

నాలుగో రోజు పెద్దమ్మే, నాతో ఒక్క మాట చెప్పకుండా, గుడి పనుల్లో ఫాదర్ గారికి సాయపడే ఉపదేశి గారిని ఆయన దగ్గరికి పంపింది. ఫాదర్ గారు వచ్చి నా మొహం చూసి నవ్వారు. "ఆ పేరు మారి చాలా ఏళ్ళయిందమ్మా" అన్నారు. కతోలిక బిషప్పులంతా కలిసిన రెండో వాటికన్ మహాసభ తర్వాత, 1972లో ఆరో పౌలు పోపుగారు దీన్ని వ్యాధిగ్రస్తుల అభ్యంగనంగా సవరించారట. ఆఖరి ఘడియ దాకా ఆగక్కర్లేదు, పెద్ద ఆపరేషన్‌కి ముందు కూడా తీసుకోవచ్చట. నాకు నలభై రెండేళ్ళు, పుట్టినప్పటి నుంచీ కతోలికురాలిని. ఈ సంగతి ఆ రోజే తెలిసింది!

అమ్మ ఏమీ బెదరలేదు. మమ్మల్ని బయటికి పంపి, ఫాదర్ గారి దగ్గర తప్పులు ఒప్పుకునే పాపసంకీర్తనం చేసుకుంది. ఫాదర్ గారు బొటనవేలితో నుదుటి మీద సిలువ గీసి, అరచేతులు చాపమన్నారు. కుడి చేతిలో జపమాల ఉంది, వదల్లేదు. ఆయన పూసలు కాస్త పక్కకు జరిపి ఆ సందులోనే తైలం రాశారు. సత్ప్రసాదంగా ఇచ్చే అప్పం మింగలేకపోతుందని గోరంత ముక్క తుంచి, చెంచాడు నీళ్ళతో పట్టారు. చాలా రోజుల తర్వాత ఆ రాత్రి అమ్మ కంటినిండా నిద్రపోయింది. మూడో రోజు తెల్లవారుజామున పోయింది.

తమ్ముడు డాలస్ నుంచి రావడానికి రెండు రోజులు పడుతుంది. ఫ్రీజర్ బాక్స్ అద్దెకు తెచ్చాం. దహనం చేయిస్తే అస్థికలు కొన్ని తనతో తీసుకెళ్తానని వాడు ఫోన్లో అన్నాడు. ఇంట్లో పెద్ద గొడవ. ఫాదర్ గారే సర్దిచెప్పారు. దహనాన్ని కతోలిక తిరుసభ 1963 నుంచే కాదనడం లేదు. కానీ అస్థికలు పంచుకోవడం, ఇంట్లో దాచుకోవడం, నదిలో కలపడం కూడదని 2016లో వాటికన్ రాసింది, ఒకే పవిత్ర స్థలంలో ఉంచాలి అన్నారు. తమ్ముడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. "సరే, నానమ్మ పక్కనే పెట్టండి" అన్నాడు.

గుడిలో అంత్యక్రియల పూజలో చదవడానికి అమ్మ గురించి రెండు పేజీలు రాసుకున్నాను. ప్రసంగం సువార్త మీదే ఉంటుంది, పొగడ్తలకు కాదు, సత్ప్రసాదం తర్వాత నాలుగు మాటలు చెప్పుకో అన్నారు ఫాదర్ గారు. అప్పుడు కష్టమనిపించింది. పెట్టె పక్కన, ఈస్టర్‌కి వెలిగించే పాస్కా కొవ్వొత్తి వెలుగుతుంటే ఆ నాలుగు మాటలకే గొంతు పట్టేసింది.

చుట్టాలు మర్నాడే బస్సులెక్కారు. గుడి ఆడవాళ్ళు మాత్రం తొమ్మిది సాయంత్రాలు మా వరండాలో జపమాల చెప్పారు. నాన్నను నిలబెట్టింది మాత్రం గుడి వెనక వీధి మాస్టారు. ఆయన భార్య పోయి రెండేళ్ళు. రోజూ ఆరింటికి వచ్చి, టీ తాగి, మిర్చి ధర గురించి మాట్లాడి వెళ్ళేవాడు. ఓదార్పు మాట ఒక్కటీ అనేవాడు కాదు. ఆయన రావడం పది నిమిషాలు ఆలస్యమైతే నాన్న గేటు దగ్గర నిలబడేవాడు.

నవంబర్ 2న, మృతుల పండుగకి, సమాధికి సున్నం వేయించి కొవ్వొత్తులు పెట్టాం. తమ్ముడు వీడియో కాల్‌లో చూశాడు.

ఫిబ్రవరిలో నాన్నకు బైపాస్ అన్నారు. ముందురోజే నేనే ఫాదర్ గారికి ఫోన్ చేశాను. నాన్న రెండు చేతులూ చాపి, "కాస్త ఎక్కువే రాయండి ఫాదర్, డాక్టర్ చిన్నవాడు" అన్నాడు.