సముద్రం పడలేదా, సమోసా పడలేదా?

పడవ మీద ఎవరైనా వాంతి చేసుకుంటే తిండిని అనుమానించే నాథుడుండడు. "సముద్రం పడలేదు" అనేస్తారు. నిమ్మకాయ చేతిలో పెడతారు, దూరంగా కైలాసగిరి వైపు చూడమంటారు. దిగి ఇంటికెళ్ళాక రాత్రంతా కడుపునొప్పి, విరేచనాలు అయితే ఆ మనిషి అప్పటికి ఏ గాజువాకలోనో, ఏ రాయపూర్ రైల్లోనో ఉంటాడు. పడవ వాళ్ళకి ఆ కబురే రాదు. హోటలైతే మర్నాడు కౌంటర్ దగ్గరకొచ్చి గొడవ పెట్టుకుంటారు. ఆ భయం పడవకి లేదు. ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ బండివాడికున్నపాటి జాగ్రత్త కూడా పడవ తిండి దగ్గర కనపడకపోవడానికి కారణం అదేనని నా అనుమానం.

నేను ఓడల్లో వంట చేసినవాణ్ణి. కుర్రతనంలో మెస్‌బాయ్‌గా ఎక్కి చీఫ్ కుక్‌గా దిగాను. ఇప్పుడు పెదవాల్తేరులో ఉంటూ, ఎవరైనా పిలిస్తే వెళ్ళి తిండి శుభ్రత గురించి చెప్పి వస్తుంటాను. ఈమధ్య రుషికొండ వైపు కయాక్‌లు, స్కూబా బోటు, జెట్ స్కీలు నడిపే ఒకాయన ఫోన్ చేశాడు. "సర్టిఫికెట్లు ఉన్నాయండి. పని మాత్రం మారలేదు. ఒక పూట మావాళ్ళతో కూర్చోండి" అన్నాడు. అంత నిజం చెప్పే ఓనర్లు అరుదు. వెళ్ళాను.

ఆయన చెప్పిన సర్టిఫికెట్, తిండి భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ళ ఫోస్టాక్ శిక్షణది. 2017లో మొదలైంది. తిండి ముట్టుకునే పనివాళ్ళు 25 మంది ఉంటే, వాళ్ళలో శిక్షణ పొందిన సూపర్‌వైజర్ ఒకరైనా ఉండాలి. సర్టిఫికెట్ రెండేళ్ళు చెల్లుతుంది. పాఠం మంచిదే, కాదనను. కాకపోతే అది ఒడ్డు మీది వంటగదిని చూసి రాసిన పాఠం: కుళాయి, సింకు, ఫ్రిజ్, పచ్చి మాంసానికి వేరే చెక్క, బొద్దింకలు రాకుండా జాలీ. మా కుర్రాళ్ళు అదంతా విన్నారు, పరీక్షలో టిక్కులు పెట్టారు, వచ్చి పడవెక్కారు. పడవలో సింకేదీ?

ఓడల్లో ఈ సంగతి ఎప్పుడో ఆలోచించారు. 2006 నాటి సముద్ర కార్మిక ఒడంబడిక ఒకటుంది, 2013లో అమల్లోకి వచ్చింది, 2015లో మన దేశమూ చేరింది. దాని ప్రకారం ఓడ కుక్‌కి శిక్షణ ఉండాలి, 18 ఏళ్ళు నిండాలి. సిబ్బంది పదిమంది లోపే ఉంటే పూర్తి అర్హతలున్న కుక్ లేకపోయినా నడుస్తుంది గాని, గ్యాలీలో, అంటే ఓడ వంటగదిలో, తిండి ముట్టుకునే ప్రతివాడికీ తిండి శుభ్రత, ఒంటి శుభ్రత నేర్పాల్సిందే. రుషికొండ బోట్లని తలుచుకుని రాసిన రూలు కాదది. అయినా అందులో మనకి కావలసిన ఇంగితం ఉంది. సిబ్బంది తగ్గేకొద్దీ వంటవాడనే మనిషి వేరే ఉండడు, అందరూ అన్నీ ముట్టుకుంటారు. అలాంటప్పుడు అందరికీ నేర్పాలి.

పాఠం చెప్పేముందు ఒక ట్రిప్పు ఊరికే కూర్చుని చూస్తానన్నాను. ముందువైపు నిలబడ్డ కుర్రాడి చేతుల మీదే కన్నేశాను. లంగరు తాడు లాగాడు. పెట్రోలు డబ్బా ఎత్తి ఇంజన్లో పోశాడు. లైఫ్ జాకెట్లు తొడిగి బకిల్స్ బిగించాడు; వాటికి నిన్నటి జనం చెమట ఇంకా ఆరలేదు. స్కూబా మాస్కులు తీసి ఒక్కొక్క అద్దం లోపల ఉమ్మి, వేలితో రుద్ది, నీళ్ళలో ముంచి ఇచ్చాడు. అద్దానికి ఆవిరి పట్టకుండా డైవర్లు ప్రపంచమంతా చేసే పనే అది, తప్పు పట్టను. తర్వాత చేతులు నిక్కరుకి తుడుచుకుని, సమోసాల కవరు విప్పి, ఒక్కొక్కరికీ చేత్తో తీసి ఇచ్చాడు. చిన్న పాపకైతే పాపం ముద్దుగా, సమోసా చిదిపి ఊది మరీ పెట్టాడు. ఎంత మర్యాదస్తుడో! ఆ మర్యాదకే నా గుండె గుభేలుమంది.

ఒడ్డుకొచ్చాక "చేతులెక్కడ కడుక్కుంటార్రా" అంటే ఒకడు నవ్వుతూ సముద్రం చూపించాడు. "ఇన్ని నీళ్ళుండగా టిన్ను నీళ్ళెందుకు బాబాయ్? ఉప్పులో ఏ పురుగు బతుకుద్ది?" ఊరగాయ జాడీ చూసి పెరిగినవాళ్ళం కదా, ఉప్పంటే మనకి అంత నమ్మకం. కానీ విబ్రియో అనే జాతి బ్యాక్టీరియాకి ఉప్పునీరే పుట్టిల్లు. అందులో పారాహీమోలిటికస్ అనేదాన్ని 1950లో జపాన్‌లోని ఒసాకాలో, చిన్న చేపలు తిని జనం చనిపోయినప్పుడు కనిపెట్టారు. నీరు వెచ్చబడేకొద్దీ దానికి పండగ. వేడి అనుకూలిస్తే పది నిమిషాలకు అటూ ఇటూగా రెట్టింపవుతుంది. విచిత్రమేమిటంటే మంచినీళ్ళు దానికి పడవు. పచ్చి చేపని, చేపలు కోసిన కత్తిని, చేతుల్ని చివర్లో మంచినీళ్ళతో కడగాలనేది అందుకే. పైగా ఊరి మురుగు మోసుకొచ్చే గెడ్డలు కలిసేది కూడా ఈ సముద్రంలోనే. ఆ మాట అనగానే చూపించిన కుర్రాడు చెయ్యి వెనక్కి పెట్టేసుకున్నాడు.

కాబట్టి మొదటి పని, కుళాయి ఉన్న 20 లీటర్ల టిన్ను ఒకటి చేతులకోసమే ఎక్కించడం. తాగే నీళ్ళది వేరు. పక్కన లిక్విడ్ సబ్బు, తుడుచుకోవడానికి కాగితం. సన్నధార పెట్టుకుంటే మనిషికి అర లీటరు చాలు. గ్లవ్స్ కొనమంటారా అని ఓనరు అడిగాడు. వద్దన్నాను. గ్లవ్ వేసుకున్నవాడు తన చెయ్యి శుభ్రంగా ఉందనుకుని అదే గ్లవ్‌తో తాడు లాగుతాడు. దానికన్నా చిన్న పటకారు నయం. ఇంకా నయమైన పద్ధతి, ఒడ్డునే ఒక్కొక్కరికీ విడివిడిగా పొట్లం కట్టేసి, పడవలో అందించడం మాత్రమే. న్యూస్ పేపరులో కాదు సుమా. దాని సిరా నూనెలో దిగుతుంది, నిషేధం కూడా ఉంది.

ఇక ఐసు పెట్టె. దీని దగ్గర గంట పట్టింది నాకు.

పెద్ద నీలం రంగు పెట్టె, మూత మీద ఎండ. "చల్లగా ఉందేటి లోపల?" అన్నాను. "ఐసేసేం కదా బాబాయ్" అన్నారు అందరూ. నా దగ్గర ముల్లులాంటి థర్మామీటరు ఉంటుంది. ముందు గ్లాసులో ఐసు ముక్కలు, నీళ్ళు కలిపి ముంచి, సున్నా చూపిస్తోందని రుజువు చేశాను. తర్వాత పెట్టె తెరిచాం. అడుగున ఐసులో కూరుకుపోయిన కూల్ డ్రింక్ 3 డిగ్రీలు. పైన డబ్బాలో కొబ్బరి చట్నీ 19. కోసి పెట్టిన పుచ్చకాయ ముక్కలు 16. ఒక్కొక్కడూ వచ్చి తానే గుచ్చి చూశాడు. చల్లగాలి కిందకి దిగుతుంది తప్ప పైకి రాదు. ఐసు అడుగున పోసి పైన తిండి పెడితే, సీసాలు చల్లబడతాయి, చట్నీ పులుస్తుంది. తారుమారు చేయించాను: సీసాలకి వేరే పెట్టె, తిండి పెట్టెలో ఐసు ప్యాకులు పైన, మూత మీద తడి గోనెపట్టా. సీసాల పెట్టె మాటిమాటికీ తెరుస్తారు కాబట్టి అసలు విడదీయడమే సగం మందు.

చల్లనిది 5 డిగ్రీల లోపు, వేడిది 60 పైన, ఈ రెండంకెలు ఫోస్టాక్‌లోనూ చెబుతారు. పడవలో ఆ రెండూ నిలబెట్టడం కష్టం. అక్కడ గడియారమే దిక్కు. బయటపెట్టిన తిండి రెండు గంటలు. ఎండ 32 డిగ్రీలు దాటితే గంట. మన విశాఖలో మధ్యాహ్నం అంటే గంట అనే లెక్కేసుకోండి. డబ్బా మీద తీసిన టైము మార్కర్‌తో రాయమన్నాను. ఆ పని మాత్రం వాళ్ళకి భలే నచ్చింది, వెంటనే నా చేతి సంచి మీద కూడా రాసేశారు.

ఐసు గురించే ఇంకో మాట. చేపల కోసం చేసే దిమ్మ ఐసుని పగలగొట్టి గ్లాసులో వెయ్యకూడదు. తినడానికి పనికిరాని ఐసుకి నీలం రంగు కలపాలని 2018లో ఎఫ్ఎస్ఎస్ఏఐ చెప్పింది కూడా. చేపల రేవులో ఆ దిమ్మ ఎలా వస్తుందో మనకి తెలియనిదా? రిక్షా మీద గోనెపట్టా, కింద ఈడ్చుకుంటూ కొక్కెం. ఆ ఐసుని మూసిన సీసా చుట్టూ పెట్టి చల్లబరచండి, సీసాలోది కలుషితం కాదు. నిమ్మరసంలో మాత్రం వద్దు.

వంట చేసి పంపే ఆమె కూడా వచ్చి కూర్చుంది. జాలరిపేట మనిషి, కుర్రాళ్ళంతా అప్పా అంటారు. ఆమెకి నేను చెప్పాల్సింది తక్కువ, ఆమె దగ్గర నేను వినాల్సింది ఎక్కువ. పొద్దున్న నాలుగింటికి లేచి పులిహోర కలుపుతుందట. చింతపండు పులుపు ఉన్నంతసేపు పులిహోరకి ప్రయాణాల్లో భయం తక్కువ, మన పెద్దవాళ్ళు తీర్థయాత్రలకి అదే కట్టుకెళ్ళేవారు. కానీ ఇప్పటి టూరిస్టులు చికెన్ ఫ్రైడ్ రైస్ అడుగుతున్నారు. రాత్రి వండిన అన్నం పెద్ద డేగిసాలో అలాగే ఉంచితే, ఉడికినా చావని బాసిల్లస్ సిరియస్ అనే బ్యాక్టీరియా విత్తులు మళ్ళీ మొలకెత్తి విషం వదులుతాయి. పొద్దున్నే బాణలిలో ఎంత వేయించినా ఆ విషం పోదు. వెడల్పాటి పళ్ళేల్లో పలచగా పరిచి తొందరగా చల్లార్చాలి, లేదా పొద్దున్నే వండాలి. ఆమె పొద్దున్నే వండుతానంది, గ్యాసు ఖర్చు ఓనరు ఇస్తే.

చేపల దగ్గరే మా ఇద్దరికీ చిన్న వాదన. గాలం వేయించే ట్రిప్పుల్లో పడ్డ చేపని అక్కడికక్కడే వేయించి పెడతారు. "మొప్ప ఎత్తి చూస్తే నాకు తెలిసిపోద్ది అన్నయ్యా" అంది. తెలుస్తుంది, ఆమె కంటికి నేను సరిపోను. కాకపోతే కానాగంత, టూనా, వంజరం జాతుల్లో ఎండకి ఉంచితే హిస్టమిన్ అనే విషపదార్థం పుడుతుంది, అది వాసనకి అందేలోపే ఉండొచ్చు, వేపుడుకి విరగదు. తిన్న కాసేపటికి మొహం ఎర్రబడి, తలపోటు, దద్దుర్లు. అందరూ ఎలర్జీ అనుకుంటారు. గాలం నుంచి తీసిన మరుక్షణం ఐసులోకి వెళ్ళాలి, ఫొటోలు తర్వాత తీసుకోవచ్చు. ఆ ఫొటోల మాటకి ఆమె పెద్దగా నవ్వింది. చేప పట్టిన బాబు అరగంట పట్టుకుని తిరుగుతాడట.

ఇప్పుడు మళ్ళీ వాంతుల దగ్గరకొద్దాం. చేతి మీద పుండో, గాలం దారం కోసిన గాయమో ఉన్నవాడు తిండి ముడితే అందులో స్టెఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా చేరుతుంది, దాని విషం పని చెయ్యడానికి గంట నుంచి ఆరు గంటలు చాలు. కాబట్టి పొద్దున్న ఎక్కి తిన్నవాడికి మధ్యాహ్నం పడవలోనే తెలుస్తుంది. సముద్రం పడని మనిషి ఒడ్డుకి దిగి నీడన కూర్చుంటే తేరుకుంటాడు. కడుపు మెలిపెడుతూ విరేచనాలు కూడా మొదలైతే, ఒకే డబ్బాలోది తిన్న ఇంకో ఇద్దరికీ అలాగే ఉంటే, అది సముద్రం పని కాదు. ఆ డబ్బా పారెయ్యకండి, మూతపెట్టి పక్కన పెట్టండి, డాక్టరు అడుగుతాడు. గాయానికి నీలం రంగు వాటర్‌ప్రూఫ్ ప్లాస్టర్ వెయ్యమన్నాను. నీలమే ఎందుకని అడిగారు. తిండిలో ఊడిపడితే కనపడాలి కదా, మనం తినేవాటిలో నీలం రంగుది ఏముంది?

వాంతి ఏ కారణంగా అయినా, దాన్ని ఎత్తి శుభ్రం చేసినవాడు ఆ ట్రిప్పులో తిండి ముట్టకూడదు. వాంతులు, విరేచనాలు అంటించే నోరోవైరస్ అయితే శానిటైజర్‌కి సరిగ్గా లొంగదు, సబ్బు నీళ్ళే గతి. డెక్కు మీద ముందు కాగితంతో ఎత్తి, 4-5 శాతం బ్లీచు ఒక వంతుకి తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి పోసి, పది నిమిషాలు ఉంచి కడగాలి. బకెట్టుతో సముద్రపు నీళ్ళు కొట్టేస్తే పక్కన కూర్చున్నవాళ్ళ కాళ్ళ మీదకే చిందుతుంది.

చివర్లో, కుర్రాళ్ళని కాసేపు పక్కకి పంపి ఓనరుతో ఒక్కడితో మాట్లాడాను. విరేచనాలు పట్టిన మనిషి తగ్గాక కూడా 48 గంటలు తిండి దగ్గరకి రాకూడదు. కానీ వీళ్ళంతా రోజుకూలీలు. సీజన్‌లో రెండు రోజులు మానేస్తే ఇంట్లో ఏం తింటారు? కాబట్టి ఎవడూ చెప్పడు, మాత్ర మింగి వచ్చి సమోసాలు పంచుతాడు. నేను ఎంత పాఠం చెప్పినా దీనికి మందు కూలీ డబ్బుల్లోనే ఉంది. ఆయన కాసేపు మాట్లాడలేదు. "ఇది ఆ సర్టిఫికెట్ పుస్తకంలో ఉందా సార్?" అన్నాడు. రానివ్వకూడదని ఉంది, కూలీ ఇవ్వమని లేదన్నాను. మొదట సగం కూలీ ఇస్తానన్నాడు. సగానికైతే వాడు పనికే వస్తాడన్నాను. చివరికి పూర్తి కూలీ, లేదంటే ఆ రెండు రోజులూ ఒడ్డున టికెట్ల దగ్గర పని అని ఒప్పుకున్నాడు. తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి లైఫ్ జాకెట్లు తగిలించే చోట అంటించమన్నాను. డిసెంబరు రద్దీలో చెప్పకుండా ఒకసారి వెళ్ళి చూడాలి, కాగితం ఉందో లేదో.