‘స్త్రీ’ ఎన్ని అక్షరాలు? లైనక్స్‌లో తెలుగు చిక్కుముళ్లు

లైనక్స్‌లో తెలుగు తేడాగా కనిపిస్తే చాలామంది ముందు కొత్త ఫాంట్ దించుకుంటారు. ఫాంట్ సంగతి తేల్చడం నిజానికి తేలిక. టెర్మినల్‌లో ‘ఎఫ్‌సీ-మ్యాచ్’ ఆదేశానికి తెలుగు భాష కోడ్ ఇస్తే సిస్టమ్ ఏ ఫాంట్ ఎంచుకుంటోందో ఒక్క వరుసలో చెప్పేస్తుంది. నోటో శాన్స్ తెలుగు, లోహిత్ తెలుగు లాంటి పేరు వస్తే ఫాంట్ ఉన్నట్టే, ఇక వేరేచోట వెతకాలి. డెబియన్, ఉబుంటుల్లో నోటో కోర్ ప్యాకేజీ వేస్తే తెలుగు అందులోనే వస్తుంది.

అసలు తలనొప్పి టైపింగ్‌తో మొదలవుతుంది. మీటల్ని తెలుగుగా మార్చే ఐబస్ వేస్తాం, ఎం17ఎన్ ప్యాకేజీలోని ఆర్‌టీఎస్ పద్ధతి (ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసేది) ఎంచుకుంటాం. ఒక ప్రోగ్రామ్‌లో తెలుగు పడుతుంది, పక్కదాంట్లో ఇంగ్లీషే పడుతుంది. తెరపై విండోలను చూపే పాత పద్ధతైన ఎక్స్11 సెషన్‌లో దీనికి కారణం చాలాసార్లు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్సే, అంటే ప్రోగ్రామ్‌లు మొదలయ్యేటప్పుడు చదువుకునే సెట్టింగులే. జీటీకే, క్యూటీ (విండోలు, మెనూలు గీసే లైబ్రరీలు) వాడే ప్రోగ్రామ్‌లకు ఐబస్ వాడమని చెప్పే వరుసలను టెర్మినల్ సెట్టింగుల ఫైలైన బ్యాష్ఆర్‌సీలో రాస్తే, అవి టెర్మినల్ నుంచి తెరిచినవాటికే అందుతాయి. మెనూలో నొక్కి తెరిచినవాటికి ఆ సంగతే తెలియదు. ఆ వరుసలు హోమ్‌లోని ఎక్స్‌ప్రొఫైల్ ఫైల్లో ఉండాలి. డెబియన్, ఉబుంటుల్లోనైతే ‘ఐఎమ్-కాన్ఫిగ్’ ఆ పని చేసిపెడుతుంది. మార్చాక లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వాలి, విండో మూసి తెరిస్తే చాలదు.

ఎక్స్11 బదులు వచ్చిన వేలాండ్‌లో కథ వేరు. గ్నోమ్ డెస్క్‌టాప్ నేరుగా ఐబస్‌తో మాట్లాడుతుంది కాబట్టి జీటీకే వేరియబుల్ అక్కర్లేదు. కేడీఈ వారి ప్లాస్మా డెస్క్‌టాప్‌లో సిస్టమ్ సెట్టింగ్స్‌లోని వర్చువల్ కీబోర్డ్ పేజీకి వెళ్లి, ఐబస్ లాంటిదే అయిన ఎఫ్‌సీఐటీఎక్స్ 5ని ఎంచుకోవాలి. టైపింగ్ సెట్టింగ్ కోసం ఆ పేజీ తెరవాలని ఎవరికి తడుతుంది? ఆ పేరు మార్చి తీరాలి. క్రోమియం, ఎలక్ట్రాన్ ప్రోగ్రామ్‌లు వేలాండ్‌లో నేరుగా నడుస్తుంటే, మొదలుపెట్టేటప్పుడే ‘ఎనేబుల్-వేలాండ్-ఐఎంఈ’ ఫ్లాగ్ ఇవ్వాల్సి రావచ్చు.

భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డైన ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోగలిగితే ఈ బాధలేవీ ఉండవు. అది లైనక్స్ సొంత కీబోర్డ్ వ్యవస్థ ఎక్స్‌కేబీలో లేఅవుట్‌గానే ఉంది: లేఅవుట్ ‘ఇన్’, వేరియంట్ ‘టెల్’. మీటకో అక్షరం కాబట్టి మధ్యలో ఐబస్ లాంటిదేదీ అవసరం లేదు, ఐబస్ పనిచేయని ప్రోగ్రామ్‌లో కూడా పడుతుంది. ఆర్‌టీఎస్‌కి అలవాటుపడ్డ చేతులకు మొదట కొన్నాళ్లు విసుగ్గానే ఉంటుంది. అయినా లైనక్స్‌లో రోజూ తెలుగు రాసేవాళ్లకు నేను చెప్పేది ఇదే.

ఇక ప్రోగ్రామింగ్. ‘స్త్రీ’ మన కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్‌కి ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి 3 బైట్లు, మొత్తం 18. పైథాన్‌లో లెన్ ఫంక్షన్ 6 అంటుంది. అదే పదాన్ని సీ లొకేల్‌లో (యూనికోడ్ ఊసు లేని భాషా సెట్టింగ్‌లో) డబ్ల్యూసీ ఆదేశంతో అక్షరాలు లెక్కపెట్టమంటే 18 వస్తుంది. టెర్మినల్ సాధారణంగా మూడు గడులు కేటాయిస్తుంది, పొల్లుకీ గుడిదీర్ఘానికీ సున్నా వెడల్పు మరి. అందుకే గడికో హల్లు చొప్పున గీసే టెర్మినల్‌లో వత్తులు విడిపోతాయి. పదాన్ని కలిపి గీసే కాన్సోల్ (కేడీఈ టెర్మినల్)లో వత్తులు కుదురుతాయి గానీ కర్సర్ పక్కకు జరుగుతుంది. పైథాన్‌లో ఖాళీలు చేర్చి నిలువు వరుసలు సర్దినా వంకరపోవడానికి మూలం ఇక్కడే. తెలుగు పట్టికను టెర్మినల్‌లో సర్దాలని చూడకండి, సీఎస్‌వీగా రాసి లిబ్రేఆఫీస్‌లో తెరవండి.

అన్నిటికన్నా ప్రమాదం రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లది (పాఠంలో నమూనాను బట్టి వెతికే సూత్రాలు), ఎందుకంటే అక్కడ ఎర్రర్ రాదు. పైథాన్‌తో వచ్చే ‘ఆర్ఈ’ మాడ్యూల్‌లో పదాలు ఏరడానికి ‘పదంలోని అక్షరం’ అనే అర్థమున్న బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ వాడితే ‘తెలుగు’ మూడు ముక్కలవుతుంది: త, ల, గ. గుణింతపు గుర్తులు అక్షరాలు కావని దాని లెక్క. ఇవన్నీ అక్షరాలేనా అని ‘ఈజ్ ఆల్ఫా’ని అడిగినా ‘తెలుగు’కి కాదనే జవాబు. విచిత్రమేమిటంటే వేరియబుల్ పేరుగా మాత్రం ‘తెలుగు’ చెల్లుతుంది. పదాల పౌనఃపున్యం లెక్కించే ప్రోగ్రామ్ ఇలా ముక్కల్ని లెక్కపెట్టుకుంటూ పోతుంది, ఫలితం చూసేదాకా తెలియదు. విడిగా దొరికే ‘రీజెక్స్’ మాడ్యూల్ వేసుకుంటే గుర్తులు పదంలోనే ఉంటాయి. లేదంటే యూనికోడ్‌లో తెలుగుకి కేటాయించిన 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు పరిధిని నేరుగా రాయండి.

ఆ పరిధికి 200సీ, 200డీ అనే రెండు కనపడని యూనికోడ్ గుర్తులు కూడా చేర్చాలి. వీటిలో 200సీ పొల్లు తర్వాత హల్లు వత్తుగా మారకుండా ఆపుతుంది. ‘సాఫ్ట్‌వేర్’లో ‘ట్’ పక్కన ఉండేది అదే. దాన్ని మరిస్తే ఆ మాట రెండుగా తెగుతుంది. వెతుకులాటలోనూ ఇదే చిక్కు: ఫైల్లో అది ఉండి, మీరు లేకుండా టైప్ చేస్తే, ఫైళ్లలో వెతికే గ్రెప్ ఆదేశానికి ఏమీ దొరకదు. వెతికే ముందు రెండు వైపులా 200సీని తీసేసి పోల్చండి. అచ్చు వేసే ప్రతిలో మాత్రం తీయొద్దు, తీస్తే ‘వ’ కూడా ‘ట’లాగే వత్తుగా మారి ‘ఫ’ కిందికి దిగిపోతుంది.