సోమవారం పొద్దున ఆట కబుర్లు

అమెరికాలో కొత్తగా ఉద్యోగంలో చేరిన మనవాళ్లు మీటింగుల గురించి టెన్షన్ పడతారు. నిజానికి అక్కడ ఇంగ్లీషు అంత కష్టం కాదు. మాట్లాడేది మన పని గురించే, ఆ మాటలన్నీ చదువుకునే రోజుల నుంచీ తెలిసినవే. కష్టమల్లా మీటింగు మొదలవడానికి ముందు ఉండే ఆ ఐదు నిమిషాలతోనే. సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా సోమవారం వచ్చిందంటే అవి అమెరికన్ ఫుట్‌బాల్ (మనం అనుకునే ఫుట్‌బాల్ కాదు, బంతిని చేత్తో పట్టుకుని ఆడేది) కబుర్లకే సరిపోతాయి. అందరూ గలగలా మాట్లాడుకుంటుంటే మనం ఫోన్ చూసుకుంటూ కూర్చుంటాం. అలా కూర్చోవద్దని కొత్తగా వచ్చిన ప్రతివాళ్లకీ చెబుతుంటాను. ఆఫీసు స్నేహాలు మొదలయ్యేది అక్కడే.

ఆటంతా నేర్చుకోనక్కర్లేదు. "డిడ్ యు క్యాచ్ ద గేమ్?" అని అడుగుతారు. మనం మ్యాచ్ అనేదాన్ని ఇక్కడ గేమ్ అంటారు. చూడకపోతే చూడలేదనే చెప్పండి: "నో, ఐ మిస్డ్ ఇట్. హూ వన్?" చాలామంది అక్కడితో ఆగిపోతారు. దాని వెంటనే "వాజ్ ఇట్ క్లోజ్?" అని అడిగి చూడండి. ఈ చిన్న ప్రశ్నకి ఉన్న బలం ఇంతా అంతా కాదు. ఏకపక్షంగా సాగితే "ఇట్ వాజ్ ఎ బ్లోఅవుట్" అంటారు, చివరిదాకా ఉత్కంఠగా ఉంటే "నెయిల్ బైటర్" అంటారు. ఆ తర్వాత ఆట ఎలా మలుపు తిరిగిందో వాళ్లే చెప్పుకుపోతారు, మనం వింటూ మధ్యలో "నో వే!" అంటే చాలు.

ఇంకో సంగతి గమనించండి. తమ జట్టు గురించి చెప్పేటప్పుడు వాళ్లు "దే" అనరు, "వి" అంటారు. "వి పుల్డ్ ఇట్ ఆఫ్" (ఎలాగోలా గెలిచేశాం), "వి గాట్ క్రష్డ్" (చిత్తుగా ఓడిపోయాం). ఇండియా గెలిస్తే మనం గెలిచాం అనుకోమూ, అలాగే. అందుకే "హౌ డిడ్ యు గైజ్ డూ?" అని అడిగితే మొహం విప్పారుతుంది.

ఓడిపోయిన జట్టువాళ్లతో మాత్రం జాగ్రత్త. "టఫ్ లాస్" అనేది ఎప్పుడూ పనికొచ్చే ఓదార్పు. రిఫరీ మీద కోపంగా ఉంటే "దట్ వాజ్ ఎ టెరిబుల్ కాల్" అని వంత పాడొచ్చు. కాల్ అంటే ఇక్కడ రిఫరీ ఇచ్చిన నిర్ణయం. ఆటపట్టించడం మాత్రం చనువు పెరిగేదాకా వద్దు. 2017 సూపర్ బౌల్‌లో, అంటే ఆ ఫుట్‌బాల్ ఫైనల్లో, అట్లాంటా జట్టు 28-3తో ముందుండి కూడా, స్కోరు సమమైతే ఆడించే ఓవర్‌టైమ్‌లో 34-28తో ఓడిపోయింది. అట్లాంటా అభిమానుల ముందు "ట్వెంటీ ఎయిట్ టు త్రీ" అంటే చాలు, పుండు మీద కారం చల్లినట్టే. కొత్తవాళ్లు ఆ జోలికి పోకపోవడమే మేలు.

మార్చిలో వచ్చే కాలేజీ బాస్కెట్‌బాల్ టోర్నమెంటు మాత్రం మనకి దొరికే మంచి అవకాశం. 68 జట్లు ఆడతాయి, ఎవరు గెలుస్తారో ముందే ఊహించి ఆఫీసులో అందరూ బ్రాకెట్ అనే పట్టిక నింపుతారు. ఆట బాగా తెలిసినవాళ్ల లెక్కలూ తప్పుతాయి. సీడ్ అంటే బలాన్ని బట్టి జట్లకి ముందే ఇచ్చే ర్యాంకు. 2018లో 16వ సీడ్ అయిన యూఎంబీసీ అనే కాలేజీ జట్టు, నంబర్ వన్ సీడ్ వర్జీనియాని 74-54తో ఓడించింది. పురుషుల టోర్నమెంటులో అలా జరగడం అదే మొదటిసారి. ఇలాంటి ఫలితాన్ని "అప్‌సెట్" అంటారు. "మై బ్రాకెట్ ఈజ్ బస్టెడ్" అని అందరూ మొత్తుకునే రోజున మనమూ అదే మాట అనగలిగితే, ఆ గుంపులో మనిషి అయినట్టే.

మన ఆట గురించి చెప్పుకునే రోజూ వస్తుంది. 2024 జూన్ 6న డాలస్ పక్కన గ్రాండ్ ప్రెయిరీలో టీ20 ప్రపంచ కప్ మ్యాచ్‌లో అమెరికా పాకిస్తాన్‌ని సూపర్ ఓవర్‌లో ఓడించింది. ఆ ఓవర్ వేసిన సౌరభ్ నేత్రవల్కర్ ఒరాకిల్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్. మర్నాడు మా ల్యాబ్‌లో సూపర్ ఓవర్ అంటే ఏంటని నన్నడిగారు. "థింక్ ఆఫ్ ఇట్ యాజ్ ఓవర్‌టైమ్, సిక్స్ బాల్స్ ఈచ్" అన్నాను. వెంటనే అర్థమైంది. వాళ్ల ఆటలోని మాటతో మన ఆట చెబితే పొడవాటి వివరణలు అక్కర్లేదు.

"హూ ఆర్ యు రూటింగ్ ఫర్?" అని, అంటే మీరు ఏ జట్టు వైపు అని, ఎప్పుడో ఒకప్పుడు మిమ్మల్నీ అడుగుతారు. అభిమానం నటించకండి, నాలుగు ప్రశ్నల్లో తెలిసిపోతుంది. "ఐ డోంట్ హావ్ ఎ టీమ్ యెట్. హూ షుడ్ ఐ గో విత్?" అనండి. ఎవరో ఒకరు తమ జట్టు వైపు లాగుతారు, ఆదివారం గేమ్ చూడ్డానికి ఇంటికి రమ్మన్నా రమ్మంటారు. పిలిస్తే తప్పకుండా వెళ్లండి.